అందరూ రాసిన మాట

క్రితం వారం మనం పెద్దల్లుణ్ణి మామగారి గుమ్మం దగ్గర వదిలేశాం. ఒక కాలి చెప్పు విప్పాడు. రెండోది విప్పాలా, వచ్చిన దారినే పోవాలా అని ఆలోచిస్తున్నాడు. గుమ్మం పక్కన అప్పటికే ఒక జత కొత్త బూట్లు, ముక్కులు మెరుస్తూ, ఇల్లు తమదే అన్నట్టు కూర్చుని ఉన్నాయి. అవి చిన్నల్లుడివి.

గుర్తులేనివారికి నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం. గురువారం మధ్యాహ్నం ఊళ్ళో రంగులు నిల్వచేసే గోడౌన్ తగలబడింది. లోపల చిక్కుకున్న వాచ్‌మన్ ఒళ్ళు కాలి ఆసుపత్రిలో తెలివి లేకుండా ఉన్నాడు. మర్నాడు పత్రికలన్నీ ఒకే మాట రాశాయి: వాచ్‌మన్ తాగిన మైకంలో పొయ్యి ఆర్పడం మరిచాడని. ఒక్క పెద్దల్లుడు పనిచేసే పత్రికలో మాత్రం 'ప్రమాదానికి కారణం తెలియాల్సి ఉంది' అని వచ్చింది. శనివారం, వార్తలు దిద్ది పేజీలు పెట్టించే డెస్క్ ఇంచార్జి అతనికి ఫోన్ చేశాడు. "ఊరంతా ఒక దారి, నువ్వొక దారి. ఆదివారం సాయంత్రం పేజీ పెట్టేలోగా వాచ్‌మన్ తాగి ఉన్నాడని నీ పేరుతో వార్త రావాలి. రాకపోతే నీ కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టాలో నాకు తెలుసు," అన్నాడు. ఆ ఎవరు అన్నది పెద్దల్లుడికి కూడా తెలుసు. ఆ బూట్ల వాడే.

ఇవాళే ఆ ఆదివారం. ఈ రెండో చెప్పు వెనక అంత కథ ఉంది.

చివరికి విప్పాడు. లోపలికి వెళ్ళాడు.

"రావయ్యా, నీ గురించే అనుకుంటున్నాం," అన్నారు మామగారు.

మామగారు తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా కొట్ల మీద పడి తక్కెడలూ తూకం రాళ్ళూ తనిఖీ చేసిన మనిషి. ఇప్పుడు కొట్లు లేవు కాబట్టి అల్లుళ్ళను తూస్తున్నారు. ఇద్దరూ విలేకరులే, రెండు వేరు వేరు పత్రికల్లో. పొద్దున్నే రెండు పత్రికలనూ బల్ల మీద పక్కపక్కన పరిచి, ఎవరి వార్త ఏ పేజీలో వచ్చింది, పేరు వేశారా, ఎంత లావు అక్షరాల్లో వేశారు అని చూసి, పైకి చదివి, ఒక పక్కకు తల వంచుతారు. ఆ తల కొంతకాలంగా చిన్నల్లుడి వైపే వంగుతోంది.

పెద్దల్లుడు ఈ ఇంటికి ముందొచ్చినవాడు. చిన్నల్లుడికి వార్త రాయడం నేర్పింది కూడా అతనే. 'ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అన్నవి మొదటి రెండు వాక్యాల్లో వచ్చేయాలి తమ్ముడూ' అని వేలు పట్టి నడిపించాడు. ఆ వేలు ఎప్పుడు వదిలించుకున్నాడో తెలియదుగానీ, చూస్తుండగానే చిన్నల్లుడు మొదటి పేజీలో తేలాడు. అప్పటి నుంచి పెద్దల్లుడికి తన పత్రిక తెరవకముందే తోడల్లుడి పత్రిక తెరిచే జబ్బు పట్టుకుంది. అందులో అతని పేరు లేని రోజు ఒక ముద్ద ఎక్కువ తింటాడు.

ఆ ఇంట్లో పంకా కింద ఉన్నది ఒకే కుర్చీ. అందులో చిన్నల్లుడు కూర్చున్నాడు.

"రా అన్నయ్యా, కూర్చో," అని లేవబోయినట్టు చేసి, లేవలేదు. "ఏంటి విశేషాలు? ఏమైనా తెలిసిందా, ఇంకా తెలియాల్సే ఉందా?"

లోపల కంచాలు సర్దుతున్న చిన్నమ్మాయి, అదే చిన్నల్లుడి భార్య, కిసుక్కున నవ్వింది. ప్రెస్ రూములో పెద్దల్లుణ్ణి అందరూ వెనకాల 'తెలియాల్సి ఉంది గారు' అని పిలుస్తారన్న సంగతి ఈ ఇంటిదాకా వచ్చేసిందన్నమాట.

"తెలుసుకుందామనే వచ్చాను," అన్నాడు పెద్దల్లుడు, ఎండ పడే కిటికీ పక్కనున్న ముక్కాలిపీట లాక్కుని. "తాగాడని నీకెవరు చెప్పారు?"

"భోజనానికి పిలిస్తే ఇంటర్వ్యూకి వచ్చినట్టున్నావే."

"ఎవరు చెప్పారు?"

"విశ్వసనీయ వర్గాలు."

"ఆ వర్గాలకి కాళ్ళూ చేతులూ ఉన్నాయా? పోలీసులా?"

"పోలీసులు కాదు."

"ఫైర్ ఆఫీసరా? నేనూ అడిగాను ఆయన్ని. తెలియాలి అన్నాడు. నేను అదే రాశాను."

"అయినా ఇప్పుడీ తగువెందుకన్నయ్యా? నేనొక్కణ్ణే రాశానా? అందరూ రాశారు."

"అందరూ నీ దగ్గర చూసి రాశారు. నువ్వెవరి దగ్గర చూసి రాశావు?"

మామగారి చేతిలోని పత్రిక కిందికి దిగింది. ఆ ప్రశ్న ఆయన తక్కెడలో ఠంగుమని పడింది.

ఇక్కడ చదువరులకు ఒక సంగతి చెప్పాలి. ఊళ్ళోని విలేకరులందరూ బస్టాండు ఎదురుగా మేడ మీద ఒకే గదిలో కూర్చుంటారు. వాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది. ఏదైనా జరిగితే వంతు వచ్చినవాడు వెళ్తాడు, చూసి రాసి అందరి ఫోన్లకూ పంపుతాడు. మిగతావాళ్ళు హెడ్డింగు మార్చి, రెండు వాక్యాలు అటూ ఇటూ జరిపి, తమ తమ ఆఫీసులకు పంపుకుంటారు. దాన్ని ఉమ్మడి కాపీ అంటారు. ఎవరికీ వార్త తప్పిపోదు, ఎవరికీ తిట్లు పడవు. చూసిన కళ్ళు రెండే అయినా మర్నాడు పొద్దున్నకి పది పత్రికలు సాక్ష్యం చెబుతాయి.

గురువారం వంతు చిన్నల్లుడిది. అతను పంపిన కాపీ పెద్దల్లుడి ఫోనుకూ వచ్చింది. తెర మీద ఆ పేరు చూడగానే కడుపులో మంట లేచి, అతను దాన్ని తెరవనే లేదు. 'వీడు వడ్డించింది తినే ఖర్మ నాకేంటి' అనుకుని స్కూటరు తీశాడు. అతను చేరేసరికి మంటలు ఆరిపోయాయి. తడి బూడిద, రంగు డబ్బాల గుట్ట, గేటుకు బయటివైపు వేలాడుతున్న పగిలిన తాళం కనిపించాయి. చూసింది చూసినట్టు రాశాడు. తాళం సంగతి డెస్కులో తీసేశారు, ఎవరూ రాయనిది మనకెందుకని. అంటే, నలుగురూ తప్పులో కాలేసిన రోజున పెద్దల్లుడు నిలబడింది సత్యం మీద ప్రేమతో కాదు. తోడల్లుడి మీద ఓర్వలేనితనంతో. ఇది అతనికి తెలుసు. తెలిసినప్పుడల్లా చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది.

"చెప్పవయ్యా," అన్నారు మామగారు చిన్నల్లుడితో. "అడిగాడుగా."

చిన్నల్లుడు మంచినీళ్ళ గ్లాసు తీసుకున్నాడు. తాగలేదు. కళ్ళు మాత్రం ఒక్క క్షణం వంటింటి గుమ్మం వైపు పోయి వచ్చాయి. విలేకరి కన్ను విలేకరి కన్నును పట్టేస్తుంది. పెద్దల్లుడు కూడా అటే చూశాడు.

గుమ్మంలో చిన్నమ్మాయి గరిటె పట్టుకుని నిలబడి ఉంది. నవ్వు పోయింది.

"ఆయన్ని అనకండి బావా. నేనే చెప్పాను."

"నీకెలా తెలుసమ్మా?"

ఆమె పక్కకు చూసింది. ఆమె వెనక, కంచాలు తుడుస్తున్న గుడ్డ చేతిలో అలాగే ఉండగా, పెద్దల్లుడి భార్య నిలబడి ఉంది. కాలిన గాయాల వార్డులో నర్సు. గురువారం మధ్యాహ్నం వాచ్‌మన్‌ని స్ట్రెచర్ మీద నుంచి మంచం మీదికి దించుకున్నది ఆమే.

"అక్క చెప్పింది," అంది చిన్నమ్మాయి.

పెద్దల్లుడు భార్య వైపు తిరిగాడు. పత్రిక పోతే పోయింది, పేరు పోతే పోయింది, పంకా కింద కుర్చీ కూడా పోయింది. తన ఇంట్లో, తన పక్కన తిరిగే మనిషి నోట్లోని మాట కూడా తోడల్లుడి వాకిట్లోకే వెళ్ళిందా? ఊరంతా తిరిగి అతను వెతికిన సాక్షి అతనికి రోజూ టీ కలిపి ఇస్తోంది. ఆ సాక్షి వాంగ్మూలం మాత్రం తోడల్లుడికి ఇచ్చింది.

"అతనికి చెప్పావన్నమాట," అన్నాడు. "నాకు చెప్పలేదు."

"నేను మరిదిగారికి చెప్పలేదు. ఆ రోజు డ్యూటీలో ఉండగానే చెల్లెలితో ఫోన్లో అన్నాను."

"నాకు చెప్పలేదు."

"చెప్పానండీ." ఆమె గుడ్డ మడిచి బల్ల మీద పెట్టింది. "డ్యూటీ దిగి ఇంటికొచ్చి, ఇవాళ కాలిన మనిషికి కట్లు కట్టాను, గోడౌన్ వాచ్‌మనట అన్నాను. మీరు ఊ అన్నారు. ఫోన్లో చూస్తున్నారు. చూసి, 'వాడి పేరు ఎంత లావుగా వేశారో చూడు' అన్నారు. మర్నాడు మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ వాడి పేరే. మీ చెవులు రెండూ మరిదిగారి దగ్గర తాకట్టు పెడితే నేనెవరికి చెప్పను?"

పైన పంకా కిర్రుమంటూ తిరుగుతోంది, అదీ చిన్నల్లుడి నెత్తిన.

"అసలేమన్నావో అది చెప్పమ్మా," అన్నారు మామగారు, ఈసారి చాలా నెమ్మదిగా. "ఒక్క పిసరు ఎక్కువా తక్కువా కాకుండా."

"రంగుల్లో కలిపే థిన్నరు ఉంటుందే, ఆ కంపు అతని బట్టలనిండా పట్టేసి ఉంది నాన్నా. ఆ బట్టలు కత్తిరించి తీస్తుంటే వాసనకి నాకు తల తిరిగింది. చెల్లెలితో అదే అన్నాను, వాసనకి తల తిరిగిపోయిందే అని. తాగాడని నేనెందుకంటాను? ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేసింది నేనే. తాగిన మనిషైతే నాకు తెలీదా?"

"నువ్వు థిన్నరనలేదక్కా," అంది చిన్నమ్మాయి.

"అన్నానేమో, అనలేదేమో. నాకేం తెలుసు అది పేపర్లోకి ఎక్కుతుందని?"

"నువ్వేమన్నావు ఇతనితో?" మామగారు చిన్నకూతురి వైపు తిరిగారు.

"వాచ్‌మన్ దగ్గర తల తిరిగేంత వాసనట, అక్కే చెప్పింది అన్నాను."

"నువ్వేం రాశావు?"

చిన్నల్లుడు గ్లాసు కింద పెట్టాడు. "కాపీ కోసం అందరూ ఎదురుచూస్తున్నారు మామయ్యా. కారణం లేకుండా ఎలా పంపను? వాచ్‌మన్, వాసన, నిప్పు. ఇంకేమనుకుంటారు ఎవరైనా? మరి నిప్పెలా వచ్చిందని అడుగుతారు కదా. పొయ్యి అన్నాను."

"పొయ్యి చూశావా?"

"వాచ్‌మన్ అన్నాక పొయ్యి ఉండదా?"

"వెనకటికెవడో నల్లగా కక్కాడంటే, పక్కింటికి పోయేసరికి కాకిని కక్కాడన్నారట," అన్నారు మామగారు. చిన్నల్లుడి పత్రిక మొదటి పేజీని నాలుగు మడతలు పెట్టి, కాలు ఆడించుకుంటున్న బల్ల కింద దోపారు. "దేనికైనా పనికి రావాలిగా."

పెద్దల్లుడికి లోపల ఎక్కడో గంట మోగింది. ఆ మడత పడిన పేజీ చూస్తే కడుపు నిండిపోయింది. 'రాస్తాను. మొత్తం రాస్తాను. పది పత్రికలు ఎలా బోల్తాపడ్డాయో, ఎవడు బోల్తాకొట్టించాడో, అక్షరం వదలకుండా రాస్తాను.' జేబులో కలం మీదికి చెయ్యి దానంతట అదే పోయింది.

ఆ చేతిని భార్య చూసింది.

"నా పేరు మాత్రం రాయకండి," అంది. "వార్డు సంగతి బయట చెప్పామని తెలిస్తే ఉద్యోగంలో ఉంచరు. చెల్లెలితో అనడమే తప్పు."

"పేరు లేకుండా రాస్తాను."

"ఏమని రాస్తారు?"

అతని నాలుక చివరికొచ్చిన మాట 'విశ్వసనీయ వర్గాలు'. చిన్నల్లుడు కూడా ఆ మాటను అక్కడే చూసినట్టున్నాడు. కానీ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది, తిట్టడానికైనా వీలుండేది.

అప్పుడు మోగింది భార్య ఫోను. వార్డు నుంచి. ఆమె విని, "నిజంగానా? మాట్లాడుతున్నాడా?" అని, చాలాసేపు ఊకొట్టి, పెట్టేసింది.

"వాచ్‌మన్‌కి తెలివొచ్చింది. పక్క మంచం వాళ్ళు మరిదిగారి పేపరు చదివి వినిపించారట. అప్పటి నుంచి ఒకటే పట్టట. నేను తాగానని రాసినాయన్ని పిలవండి, ఆయనతో మాట్లాడాలి అని. సాయంత్రం మళ్ళీ మత్తు ఇస్తారు. ఒక్క మనిషిని పంపొచ్చన్నారు పెద్ద డాక్టరు."

పెద్దల్లుడు ముక్కాలిపీట మీద నుంచి లేచేశాడు. "నేను వెళ్తాను."

"మిమ్మల్ని అడగలేదండీ," అంది భార్య.

అంతే అంది. ఆ మాట అతన్ని మళ్ళీ ముక్కాలిపీట మీద కూర్చోబెట్టింది. ఒళ్ళు కాలి, పేరు చెడి మంచాన పడి ఉన్న మనిషి కూడా అడిగింది చిన్నల్లుడినే. నిజం రాసినవాడు ఒకడున్నాడని ఆ మనిషికి తెలియదు. తెలిసేలా రాయలేదు కదా. 'తెలియాల్సి ఉంది' అని ఏడో పేజీలో మూలన రాస్తే ఎవరికి తెలుస్తుంది?

"అడిగిన మనిషే వెళ్ళాలి," అన్నారు మామగారు. తీర్పు అయిపోయింది. వడ్డించిన కంచాలు బల్ల మీద అలాగే ఉండిపోయాయి.

*

వార్డు తలుపుకు గుండ్రటి అద్దం ఉంది. పెద్దల్లుడు దానికి ముఖం ఆనించి నిలబడ్డాడు. లోపల అతని భార్య మంచానికి అవతల, చిన్నల్లుడు ఇవతల. వాచ్‌మన్ ముఖం కనిపించలేదు, తెల్లటి కట్లే కనిపించాయి. పెదవులు కదులుతున్నాయి. ఒక్క మాటా బయటికి రాలేదు. కాలకుండా మిగిలిన చేత్తో అతను చిన్నల్లుడి మణికట్టు పట్టుకుని ఉన్నాడు. పెద్దల్లుడు ఆ పట్టునే చూస్తూ నిలబడ్డాడు. ఎందరో మనుషుల కష్టం రాశాడు ఇన్నాళ్ళూ. ఒక్కరూ తన చెయ్యి అలా పట్టుకున్న గుర్తు లేదు. కాలిన మనిషిని చూసి కూడా అసూయపడతారని ఎవరైనా చెబితే నిన్నటిదాకా నమ్మేవాడు కాదు.

చిన్నల్లుడు బయటికొచ్చి గోడకు ఆనుకున్నాడు. చేతిలో కలం లేదు.

"రాసుకున్నావా?"

"చెయ్యాడలేదన్నయ్యా."

"ఏమన్నాడు?"

"అతని దగ్గర పొయ్యే లేదట. మధ్యాహ్నం అన్నం కూడా కిటికీలోంచి ఇచ్చి పోతారట. ఎందుకంటే..." ఆగి, కొత్త బూట్ల వంక చూసుకున్నాడు. "గోడౌన్ వాళ్ళకి సరుకు పోతోందని అనుమానం. అందుకని రోజూ భోజనం వేళకి బయట తాళం వేసుకుపోతారట. అతను లోపలే. గురువారం కూడా వేశారు. కేకలు పెట్టాడట."

పెద్దల్లుడి కళ్ళ ముందు ఆ పగిలిన తాళం ఊగింది. "ఎవరు వేశారు?"

"ఎలా ఉంటాడో చెప్పాడు. నేనెరుగుదును ఆ మనిషిని. మా ఆఫీసుకొస్తుంటాడు. మా యజమాని గదిలోకి తలుపు కొట్టకుండా వెళ్తాడు." చిన్నల్లుడు తల ఎత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మా పేపర్లో ఇది రాదు. నువ్వు రాయి అన్నయ్యా. నీ పేరుతో. నేను తప్పు రాశానని కూడా రాయి. నేనేమీ అనుకోను."

ఎన్నాళ్ళుగానో పెద్దల్లుడు కలలో చూసుకున్న మొదటి పేజీ అది. దాన్ని పళ్ళెంలో పెట్టి తోడల్లుడే అందిస్తున్నాడు. ఇందులో మెలికేమైనా ఉందా అని ముందు అనుమానం వచ్చింది. ఆ ముఖం చూశాక అనుమానం పోయింది. పోయిన చోట ఇంకో బాధ మొదలైంది: ఈ మంచితనం కూడా ముందు వాడికే వచ్చింది.

"అతను అన్న మాటలు అన్నట్టు చెప్పు. రోజూ తాళం వేస్తారు అన్నాడా, నువ్వలా అర్థం చేసుకున్నావా?"

చిన్నల్లుడు ఆలోచించాడు. "దాదాపు అలాగే అన్నాడు."

దాదాపు. ఆ మాట దగ్గర పెద్దల్లుడి కలం ఆగిపోయింది. గురువారం తెరవకుండా వదిలేసిన ఉమ్మడి కాపీ ఆదివారం అతన్ని వెతుక్కుంటూ వచ్చింది. అదే చెయ్యి వడ్డిస్తోంది, అదే కంచం.

తలుపు ఓరగా తీసి ఇదంతా వింటున్న భార్య బయటికి వచ్చింది. "నేనొక్కసారి లోపలికి పోయి రెండు ముక్కలు అడుగుతాను," అన్నాడు ఆమెతో.

"మత్తు ఇచ్చేశారు. పొద్దున్నే ఆపరేషను."

"నువ్వు విన్నావుగా మొత్తం?"

ఆమె మరిది వైపు చూసింది. తర్వాత భర్త వైపు చూసింది. "విన్నాను. మరిదిగారు చెప్పిందాంట్లో ఒకటి అలా కాదు," అని ఆమె అంటుండగానే అతని జేబులో ఫోను మోగింది.

డెస్క్ ఇంచార్జి. "ఏమయ్యా, పేజీ పెడుతున్నాం. వార్త ఏది?"

"ఉంది సార్," అన్నాడు పెద్దల్లుడు. "వాచ్‌మన్ తాగలేదు. బయట తాళం వేసి ఉంది."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో డెస్క్ ఇంచార్జి ఏ వార్త గురించీ అడగని మాట అప్పుడు అడిగాడు.

"ఎవరు చెప్పారు?"

తలుపుకు ఒక పక్క, పేరు చెబితే ఉద్యోగం పోగొట్టుకోవాల్సిన భార్య, ఇంకో పక్క ఉద్యోగం పోగొట్టుకోవాల్సిన తోడల్లుడు. ఇద్దరూ అతని పెదవుల వంకే చూస్తున్నారు.